చాప కింద కూర్చున్నది ఎవరు

ఆపియా
6 మే 1996, సోమవారం

చెల్లి ఎసేటాకు,

దేవుని దయవల్ల క్షేమంగా చేరాను. శనివారం పడవలో ఒకటే ఊపు. నా పక్కన కూర్చున్న ముసలమ్మ తన పందిపిల్లను నా ఒళ్ళో పెట్టి తాను కళ్ళు మూసుకుంది. ఒడ్డు చేరేదాకా నాకు ప్రార్థన చేసుకోవడానికి చేతులే ఖాళీ లేవు.

చర్చి వాళ్ళ ఆడవాళ్ళ వసతిగృహంలో మంచం ఇచ్చారు. శిక్షణ ఈ ఉదయమే మొదలైంది. ముప్పై మందిమి ఉన్నాం. రోడ్ల శాఖ, నీళ్ళ శాఖ, బడులు, పోస్టాఫీసు, అన్నిచోట్ల నుంచీ వచ్చారు. ఆసుపత్రి గుడ్డల గది నుంచి వచ్చింది నేనొక్కదాన్నే. పెరెలీని అని సన్నగా, చేతిలో ఎప్పుడూ గొడుగుతో ఉండే మేష్టారు చెబుతున్నారు. ప్రభుత్వ కొలువులో ఉన్నవాళ్ళ హక్కులు, సెలవులు, పనిలోంచి తీసేసే పద్ధతులు, అన్నీ ఐదు వారాల్లో నేర్చుకోవాలి.

ఆయన మొదట అడిగిన ప్రశ్న ఇది. "మీలో ఎవరైనా ఎవర్నైనా పనిలోంచి తీసేశారా?"

రోడ్ల మేస్త్రీ ఒకాయన చెయ్యెత్తాడు. "మా బావమరిదిని సార్. రెండుసార్లు."

"మరి రెండోసారి తీసెయ్యాలంటే మధ్యలో మళ్ళీ తీసుకుని ఉండాలి కదా?"

"నేను తీసుకోలేదు సార్. మా ఆవిడ తీసుకుంది."

గదంతా నవ్వింది. మేష్టారు మాత్రం నవ్వకుండా నల్లబల్ల మీద రాశారు. ఏ తప్పు మోపుతున్నారో ముందు కాగితం మీద చెప్పాలి. జవాబుకు రోజులివ్వాలి. ఆ మనిషి చెప్పేది వినాలి. తీర్పు చెప్పేవాళ్ళు చుట్టమూ కాకూడదు, శత్రువూ కాకూడదు.

ఇది పాసైతే మన దీవిలోని ప్రభుత్వ ఆఫీసులన్నిటికీ ఇలాంటి విషయాల్లో సలహా చెప్పే ఉద్యోగం నాకిస్తారట. యాభై ఏళ్ళొచ్చాక కుర్చీలో కూర్చుని పాఠం వినాలంటే కాళ్ళు ఒకచోట నిలవడం లేదు. విరామం ఇచ్చినప్పుడల్లా మెట్లు దిగి మళ్ళీ ఎక్కుతున్నాను. ఏదో పని మధ్యలో వదిలేసి వచ్చినట్టు ఉంటోంది. శుక్రవారం ఒకటే హడావుడి కదా. నేను బయలుదేరే వేళకే అందరికీ నాతో పని పడింది. కొండవైపు కాన్పుల గది నర్సు కూడా తడిసి ముద్దై వచ్చింది. ఆమెను పంపేసరికి రేవుకు వెళ్ళే బస్సు డ్రైవరు సపోలు హారన్ మీద హారన్ కొడుతున్నాడు. గుడ్డల గది తాళంచెవి మన ఫియా మెడలో వేసి పరుగెత్తాను. నీ కూతురు జాగ్రత్తగల పిల్ల. నాకా బెంగ లేదు.

ఉత్తరాలు సపోలుకే ఇవ్వు. పడవ దాటి బజారులో నాకు అందిస్తాడు.

మీ కోసం రోజూ ప్రార్థించే
అక్క లోయిమాటా

-

మన ఊరు
15 మే, బుధవారం

అక్కకు ఎసేటా రాయునది,

నీ ఉత్తరం మామయ్యకు చదివి వినిపించాను. బావమరిది కథ మూడుసార్లు చదివించుకున్నాడు. "ఆ మేస్త్రీ ఏ ఊరివాడో కనుక్కోమను" అన్నాడు. మన కుటుంబానికి పెద్ద అయ్యుండి, పడవవాళ్ళతో సహా ఊరందరికీ చెప్పుకు తిరుగుతున్నాడు.

పందులు చేమదుంపల మడిలో పడ్డాయి. పాటల బృందంలో నీ చోటు ఖాళీగా ఉంచాం. పాస్టరుగారి భార్య అటు చూసి నిట్టూరుస్తూ ఉంటుంది.

ఇవన్నీ రాయాల్సిన సంగతి రాయలేక రాస్తున్నాను. సోమవారం ఆసుపత్రి మేనేజరు కోలియా గారు ఫియాను పిలిచి కాగితం ఇచ్చాడు. గుడ్డల గదిలో కొన్ని వస్తువులు పోయాయట. తాళంచెవి దాని దగ్గరే ఉంది కాబట్టి, నిన్నెందుకు పనిలోంచి తీసెయ్యకూడదో పద్నాలుగు రోజుల్లో రాసివ్వమని ఉంది. అది ఇంటికొచ్చి కాగితం నా చేతికిచ్చి స్నానానికి వెళ్ళింది. గంటసేపు నీళ్ళు పోసుకుంటూనే ఉంది.

నువ్వు కోలియా గారికి ఒక్క ముక్క రాస్తే చాలు. నీ కింద పనిచేసే పిల్ల, నీ చేతుల్లో పెరిగిన పిల్ల. నువ్వు చెబితే ఆయన కాదనడు.

ఎసేటా

-

ఆపియా
18 మే, శనివారం

ఎసేటాకు,

నీ ఉత్తరం చదివి బజారులోనే నిలబడిపోయాను. సపోలు, "అక్కా, ఎండలో ఎందుకు, పక్కకి రా" అన్నాడు. ఎటు వెళ్ళాలో తెలియలేదు.

నేను చెప్పేది కోపం తెచ్చుకోకుండా చదువు. నేను కోలియా గారికి రాయకూడదు. ఫియా నాకు బిడ్డలాంటిది కాబట్టే రాయకూడదు. రేపు నేను కూర్చోబోయే కుర్చీ అలాంటిది. చుట్టం పక్కకు తప్పుకోవాలి. మేష్టారు దీన్ని నాలుగు రోజులు చెప్పారు.

ఇంకొక మాట. ఏం పోయాయో, ఎన్ని పోయాయో, ఆ కాగితంలో ఏముందో నాకు రాయకు. నాకు తెలియకపోవడమే ఫియాకు మంచిది. రేపెవరూ పెద్దమ్మ ఆఫీసులో ఉండి సాయం చేసిందని వేలెత్తి చూపకూడదు.

ఫియాతో చెప్పు. జవాబు తనే రాయాలి. తనకు తెలిసింది తెలిసినట్టు, తెలియనిది తెలియదని రాయాలి. ఇరవై ఏడో తేదీలోగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోవాలి. భయపడొద్దని చెప్పు. విచారణ లేకుండా ఎవరూ తీసెయ్యలేరు.

ఇక్కడ పాఠం చెవిలో పడుతోంది గానీ తలకెక్కడం లేదు. నిన్న సెలవుల లెక్క తప్పు చేసి, చనిపోయిన ఉద్యోగికి ప్రసూతి సెలవు ఇచ్చాను.

లోయిమాటా

-

మన ఊరు
22 మే, బుధవారం

లోయిమాటాకు,

నీ ఉత్తరం అందింది. ఫియా చదువుకుంది. మామయ్యకు నేను చదవలేదు. ఏం చదవను? మీ మేనకోడలు రెండు వారాల్లో మనకు చుట్టం కాకుండా పోవడం నేర్చుకుందని చదవనా?

ఏం పోయిందో రాయొద్దన్నావు. రాయను. నీ కుర్చీ చల్లగా ఉండాలి.

ఫియా జవాబు రాయడానికి కూర్చుంది. రాయడం, చింపడం. మామయ్య చూసి, "ఏమిటమ్మా అది?" అన్నాడు.

"నేను తియ్యలేదని రాస్తున్నా తాతయ్యా."

"తీశావా అని నిన్నెవరడిగారు? మన ఇంటిపేరు ఒకరి కాగితంలోకి ఎక్కింది. కోలియా మనసు నొచ్చింది. నొచ్చిన మనసుకి కాగితంతో జవాబు చెబుతామా?"

"మరి దేంతో?"

"మా తాతలు దేంతో చెప్పారో దాంతోనే."

అర్థమైంది కదా. సోమవారం తెల్లారకముందే కోలియా గారి ఇంటి ముందు క్షమాపణ అడుగుతూ ఇఫోంగాకు కూర్చుంటాం. అమ్మ అల్లిన సన్నచాప బయటికి తీశాను. పాతికేళ్ళయినా తళతళలాడుతోంది. మూడేళ్ళు అల్లింది అమ్మ. నీ పెళ్ళికి కూడా ఇవ్వని చాప అది. దాన్ని కప్పుకుని మామయ్య తల వంచి కూర్చుంటాడు. కోలియా గారు మన్నించి చాప ఎత్తేదాకా లేవం. ఎత్తకపోతే ఎంత సిగ్గో నీకు తెలుసు. అయినా కూర్చుంటాం. నువ్వు తప్పుకున్న చోట ఎవరో ఒకరు కూర్చోవాలి కదా.

ఎసేటా

-

రేవు దగ్గర నుంచి
25 మే, శనివారం

ఎసేటా,

ఇది చదివిన వెంటనే మామయ్య దగ్గరికి పరుగెత్తు. ఇఫోంగా చెయ్యొద్దు. బతిమాలుతున్నాను.

నిన్న తరగతిలో నేను పేర్లు చెప్పకుండా మేష్టారిని అడిగాను. "విచారణకు ముందే ఆ మనిషి బంధువులు వెళ్ళి క్షమాపణ అడిగితే ఏమవుతుంది సార్?" ఆయన, "చాప కప్పుకునా?" అని అడిగారు. అవునన్నాను. "ఊళ్ళో అయితే గొడవ అక్కడితో తీరిపోతుందమ్మా. ఆఫీసులో అయితే అక్కడే మొదలవుతుంది. నేరం ఒప్పుకున్నారని రాసుకుంటారు" అన్నారు.

ఇవాళ వచ్చి మీతో చెప్పి సాయంత్రం పడవకే తిరిగి వెళ్దామని పొద్దున్నే రేవుకొచ్చాను. సముద్రం బాగాలేదని పడవ కట్టేశారు. పొద్దుటి నుంచి రేవు ఈ చివర నుంచి ఆ చివరికి నడుస్తూనే ఉన్నాను. టిక్కెట్లమ్మే అతను, "ఎన్నిసార్లు నడిచినా ఇటువైపే ఉంటావమ్మా" అన్నాడు. రేపు ఆదివారం, పడవ లేదు. సోమవారం మొదటి పడవకు సపోలు వస్తాడు. ఈ ఉత్తరం అతని చొక్కా జేబులో పెట్టాను. సోమవారం పరీక్ష ఒకటుంది, మానితే పేరు తీసేస్తారు. లేకపోతే నేనే వచ్చేదాన్ని.

ఫియా జవాబు ఇచ్చిందా? అదే ముఖ్యం. కాగితం ఇచ్చిందా?

అక్క

-

మన ఊరు
31 మే, శుక్రవారం

అక్కా,

నీ ఉత్తరం సోమవారం మధ్యాహ్నం వచ్చింది. అప్పటికి మేం కోలియా గారింట్లో భోజనం చేసి తిరిగొస్తున్నాం.

ఎలా జరిగిందో చెబుతాను. చీకటి విడుతుండగా వెళ్ళాం. మామయ్య గులకరాళ్ళ మీద కూర్చుని చాప తల మీదుగా కప్పుకున్నాడు. వెనక మేం. వాన మొదలైంది. కోలియా గారి పిల్లలు గుమ్మంలోంచి చూసి లోపలికి పరుగెత్తారు. చాలాసేపు ఎవరూ రాలేదు. ఫియా నా చెయ్యి పట్టుకుని, "అమ్మా, నేను తియ్యలేదు, తెలుసుగా" అంది. నాకు తెలుసు అన్నాను. "మరి ఇక్కడెందుకు కూర్చున్నాం?" అంది.

అప్పుడు కోలియా గారు బయటికొచ్చాడు. చెప్పులు కూడా వేసుకోలేదు. చాప ఎత్తి మామయ్యను రెండు చేతులా లేపాడు. "పెద్దాయనా, ఈ వానలో ఇదేంటి, లోపలికి రండి" అని ఏడ్చాడు. మామయ్యా ఏడ్చాడు. ప్రార్థన చేశారు. వాళ్ళావిడ వేడి కోకో, కొబ్బరిపాలలో ఉడికించిన చేమాకు పెట్టింది. చాప వాళ్ళకిచ్చేశాం. దారంతా మామయ్య పాట పాడుతూనే ఉన్నాడు.

ఇంక కాగితం ఎందుకని మామయ్య ఫియాను జవాబు ఇవ్వనివ్వలేదు.

నిన్న రెండో కాగితం వచ్చింది. గడువులోగా జవాబు రాలేదు. కుటుంబం స్వయంగా వచ్చి తప్పు ఒప్పుకుంది. జూన్ ఏడున ముగ్గురు కూర్చుని నిర్ణయిస్తారు. కింద కోలియా గారి సంతకం. చాప ఎత్తిన చేతి సంతకం.

మామయ్య మంచం దిగడం లేదు. "నేనే దాన్ని పట్టిచ్చాను" అంటాడు. ఫియా ఎవరితోనూ మాట్లాడటం లేదు. రేపటి నుంచి స్వాతంత్ర్య దినం పండుగ, అందరూ జెండాలు కడుతున్నారు. మా గుమ్మంలో కట్టడానికి ఎవరికీ చెయ్యి లేవలేదు.

నువ్వు రాయొద్దన్నది ఇప్పుడు రాస్తున్నాను. నీ కుర్చీ ఏమైనా కానీ. పోయింది ఇరవై నాలుగు దుప్పట్లు. కొత్తవి. మూలన నువ్వు ఎర్రదారంతో కుట్టు వేసినవి. పుస్తకంలో అరవై ఉన్నాయట, అలమరలో ముప్పై ఆరే ఉన్నాయట. ఇరవై నాలుగు దుప్పట్లు నా కూతురు ఏం చేసుకుంటుందక్కా? మా ఇంట్లో ఉన్నవి మూడే మంచాలు.

ఎసేటా

-

ఆపియా
4 జూన్, మంగళవారం

ఎసేటాకు,

నీ ఉత్తరంలో "ఎర్రదారం" అన్న మాట దగ్గర ఆగిపోయాను. తర్వాతి వాక్యాలు సాయంత్రం దాకా చదవలేదు.

ఆ దుప్పట్లు నేనే ఇచ్చాను.

బయలుదేరే ముందు శుక్రవారం కొండవైపు కాన్పుల గది నర్సు వచ్చిందని నీకు మొదటి ఉత్తరంలోనే రాశాను. వాళ్ళ పైకప్పు కారి పరుపులు, గుడ్డలు అన్నీ తడిసిపోయాయి. ముగ్గురు బాలింతలున్నారు. రెండు డజన్లు లెక్కపెట్టి మూట కట్టి ఆమె తలకెత్తాను. ఫియా అప్పుడు గుడ్డలు ఆరేసే చోట ఉంది. పుస్తకంలో రాద్దామని కలం తీశాను. సపోలు హారన్ కొట్టాడు. కలం మూత పెట్టి తాళంచెవి ఫియా మెడలో వేశాను. దానితో పాటు నా తప్పు కూడా వేశాను.

నువ్వు మొదటి రోజే "దుప్పట్లు" అని ఒక్క మాట రాసి ఉంటే అదే రోజు తీరిపోయేది. రాయనివ్వనిది నేను. నాకు తెలియకపోవడమే మంచిదని చట్టం చెప్పిందనుకున్నాను. తీర్పు చెప్పేవాళ్ళు తప్పుకోవాలని చెప్పింది చట్టం. తెలిసినవాళ్ళు నోరు మూసుకోవాలని చెప్పలేదు. ఆ రెండిటికీ తేడా నేను తెలుసుకోలేదు. ఇన్నాళ్ళూ కాళ్ళు ఎందుకు నిలవలేదో ఇప్పుడు తెలిసింది.

మేష్టారికి అంతా చెప్పాను. ఆయన గొడుగు మూల పెట్టి విన్నారు. "శుక్రవారం మీ చివరి పరీక్ష కూడా" అన్నారు.

"తెలుసు సార్."

"మీరు అక్కడ ఈ మాట చెబితే ఆ ఉద్యోగం మీకు ఇవ్వకపోవచ్చు. ఇప్పుడున్నది కూడా ప్రశ్నలో పడొచ్చు."

"తెలుసు సార్."

"ఇన్ని తెలిసిన మనిషికి పరీక్ష ఇరవై ఒకటిన పెడతాను, పోయిరండి" అన్నారు.

గురువారం పడవకు వస్తున్నాను. కాన్పుల గది నర్సుకు సపోలు ద్వారా కబురు పంపాను. ఫియాను అడుగు, నన్ను సాక్షిగా పిలుస్తుందా అని. పిలవనంటే ఆ మాటా న్యాయమే. అప్పుడు గుమ్మం బయట నిలబడి చెబుతాను.

నీ క్షమాపణ అడిగే మొహం లేదు. దేవుడిని మాత్రం అడుగుతున్నాను.

లోయిమాటా

-

మన ఊరు
17 జూన్, సోమవారం

మా అక్కకు ఎసేటా రాయునది,

విచారణ రోజు ఫియా సాక్షిగా పిలిచిన నువ్వు లోపల, మేం కిటికీ కింద. నువ్వు చూడని వైపు నుంచి రాస్తున్నాను. ఆ రోజు సరిగా మాట్లాడుకోలేదు కూడా. మర్నాడే నువ్వు పరీక్షకని మళ్ళీ ఆపియా పడవెక్కావు.

నీ గొంతు ఎప్పటిలాగే చిన్నది. మామయ్య, "ఏమంటోంది? ఏమంటోంది?" అని నన్ను పొడుస్తూనే ఉన్నాడు. తీర్పు చెప్పే ముగ్గురిలో ఆపియా నుంచి వచ్చిన పెద్దావిడ, కుటుంబం ఒప్పుకుంది కదా అన్నప్పుడు నువ్వు కోలియా గారి వైపు తిరగడం మాత్రం కిటికీ పలకల సందులోంచి కనిపించింది.

"ఆ రోజు చాప కింద కూర్చున్నది ఎవరండీ?" అన్నావు.

"మీ మామయ్య ఇయోసెఫో గారు."

"దుప్పట్లు ఆయన తీశారా?"

మామయ్య ఆగలేక బయట నుంచే అరిచాడు. "నేను జన్మలో దుప్పటి కప్పుకోలేదు."

"బయటున్న పెద్దాయన కాస్త నిశ్శబ్దంగా ఉండాలి" అంది ఆవిడ. ఆవిడ కూడా నవ్వు ఆపుకుంటోందని ఫియా తర్వాత చెప్పింది.

అప్పుడు నువ్వన్నావు. "చాప కింద కూర్చునేవాడు తప్పు చేసినవాడు కానక్కర్లేదు. అది మనందరికీ తెలుసు. ఇంటి పెద్ద కూర్చుంటాడు. తప్పు ఎవరిదో తెలియకముందే కూర్చుంటాడు. మీ మనసు నొచ్చిందని కూర్చున్నాడు. ఆ పిల్ల నోటి నుంచి ఒప్పుకున్న మాట ఒక్కటైనా ఉందా?"

కోలియా గారు ముందున్న కాగితాన్ని బోర్లా తిప్పి పెట్టాడు. తర్వాత, "లేదు. చాప ఎత్తినప్పుడు నాకూ తెలుసు. ఆఫీసుకొచ్చి కాగితం ముందు కూర్చున్నాక ఏం రాయాలో తెలియలేదు" అన్నాడు. నాకు ఆయన మీద కోపం అక్కడితో పోయింది.

ఆ తర్వాత నువ్వు నీ సంగతి చెప్పావు. నర్సు మూట విప్పి ఎర్రదారం కుట్టు చూపించింది. ఒక దుప్పటి రాలేదని, దాంట్లో చుట్టిన పాప ఇంకా నిద్రలేవలేదని చెప్పింది. మామయ్యకు ఇది మాత్రం బాగా వినపడింది. దారిన పోయేవాళ్ళందరికీ చెబుతున్నాడు.

ఫియా మళ్ళీ పనికి వెళుతోంది. తాళంచెవి మెడలో వేసుకోనంది. గోడకు మేకు కొట్టించి, పక్కనే పుస్తకం, దానికి దారంతో కట్టిన కలం పెట్టింది. ఎవరొచ్చినా ముందు రాసి తర్వాత ముట్టుకోవాలట. కోలియా గారు కూడా.

చాప తిరిగొచ్చింది. కోలియా గారి భార్య స్వయంగా తెచ్చి, "ఇది మా ఇంట్లో ఉంటే నాకు నిద్ర పట్టడం లేదు వదినా" అని ఇచ్చి వెళ్ళింది.

ఇక అసలు సంగతి. శుక్రవారం నీ పేరున కాగితం వచ్చింది. పుస్తకంలో రాయకుండా సరుకు ఇచ్చినందుకు నీ మీద ఎందుకు చర్య తీసుకోకూడదో పద్నాలుగు రోజుల్లో చెప్పమని ఉంది. ఇందులో మడిచి పెట్టాను. నువ్వు ఎదురుచూస్తూనే ఉంటావు కదా. నీ కుర్చీ గురించి నేనన్న మాట వెనక్కి తీసుకోలేను, రాసింది రాసిందే. కానీ నీకు ఆ కుర్చీ రావాలని నిన్న చర్చిలో గట్టిగానే అడిగాను. పాస్టరుగారి భార్య తిరిగి చూసింది.

కాగితం చూడగానే మామయ్య లేచి నిలబడ్డాడు. లుంగీ బిగించుకుని, "ఏదీ, చాప తియ్యి. ఈసారి వాన లేదు" అన్నాడు.

నేను చాప ఉన్న పెట్టె మీద కూర్చున్నాను. "ముందు అక్కని చెప్పనీ మామయ్యా."

"చెప్పాక?"

"చెప్పాక చూద్దాం."

ఆయన వచ్చి, నేను కూర్చున్న పెట్టె మీదే నా పక్కన కూర్చున్నాడు. ఇద్దరం అలాగే ఉన్నాం, ఊళ్ళో సాయంత్రం ప్రార్థన శంఖం ఊదేదాకా.

గడువు ఇరవై ఎనిమిది. ఫియా నీకోసం ఒక తెల్లకాగితం కూడా పెట్టింది. పైన తేదీకి చోటు వదిలి గీత గీసింది. మిగతాది పెద్దమ్మే రాయాలంది.

నీ చెల్లి
ఎసేటా